మీ అన్నయ్య ఛాతీలో చప్పుడు

జూన్ 3

పిచ్చుకా,

ఫోను పెట్టుకుని ఉత్తరమేమిటని నవ్వుకుంటావని తెలుసు. ఫోను ముందుగదిలో ఉంటుంది, మీ అన్నయ్యా ఆ గదిలోనే ఉంటారు. ఆయన గురించి ఆయన ముందే ఎలా మాట్లాడను? అందుకే కొట్టులో కూర్చుని, మిషను మీద సగం కుట్టిన కర్టెను పక్కకి నెట్టి రాస్తున్నాను. నువ్వు కూడా కొట్టు చిరునామాకే జవాబు రాయి.

మీ అన్నయ్య మోకాళ్ళ సంగతి నీకు తెలిసిందే. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో పాకుతూ టైల్స్ వేసిన మోకాళ్ళు ఇక మావల్ల కాదని మొండికేశాయి. నేనే కాళ్ళావేళ్ళా పడి కాంట్రాక్టరు దగ్గర కుర్చీ ఉద్యోగానికి ఒప్పించాను. మేస్త్రీల మీద మేస్త్రీ. మెత్తటి కుర్చీ, బల్ల, నెత్తిమీద ఫ్యాను. ఇంకొకరైతే ఎగిరి గంతేసేవాళ్ళు. ఈయనకి ఆ కుర్చీ ఎక్కిన నెల నుంచీ కడుపునొప్పి.

భోజనం చేసిన కాసేపటికి పై పొట్ట పట్టుకుని ముడుచుకుపోతారు. వాంతి వచ్చేలా ఓకరిస్తారు, పేగులు బయటికి వస్తాయేమో అన్నంతగా ఓకరిస్తారు, ఏమీ రాదు. తర్వాత దానంతట అదే తగ్గుతుంది. ఏమీ జరగనట్టు పేపరు తెరుస్తారు. మందుల షాపతను గ్యాస్ అని గుప్పెడు బిళ్ళలు ఇచ్చాడు. ఈయన మాత్రం నా వంట మీద నెపం పెట్టారు. ఇన్నేళ్ళుగా అదే వంట తిని మూతి తుడుచుకున్న మనిషి!

అసలు సంగతి విను. కిందటి ఆదివారం పాత ఇంటివాళ్ళెవరో వంటింట్లో టైల్స్ లేచిపోయాయని బతిమాలితే వెళ్ళారు. వద్దన్నా వినలేదు. రోజంతా నేల మీద పాకి, కుంటుకుంటూ ఇంటికొచ్చి, కడుపునిండా తిని, ఇంకేమైనా మిగిలిందా అన్నారు. నొప్పి ఊసే లేదు. మర్నాడు కుర్చీలో కూర్చున్నారు, మళ్ళీ మొదలు. నాకు అప్పుడు అర్థమైంది. ఇది నొప్పి కాదమ్మా, అలక. పాత పని మాన్పించినందుకు నా మీద కడుపుతో అలిగారు. నువ్వు నాలుగు చీవాట్లు రాసి పంపు. నా మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు, నీ మాటైతే రెండు రోజులు మనసులో పెట్టుకుంటారు.

మీ వదిన


జూన్ 9

వదినా,

నీ ఉత్తరం స్టూలు మీద కాలు పెట్టుకుని చదివాను. స్నానాలగదిలో జారిపడ్డాను, మడమ దగ్గర ఎముక చిట్లింది, పిండికట్టు వేశారు. కంగారుపడకు. అన్నయ్య వేసిన నేలైతే జారేదాన్ని కాదని మా ఆయనతో అన్నాను. 'అయితే మీ అన్నయ్యనే వచ్చి వేయమను' అన్నారు. ఆసుపత్రికి మాత్రం రోజూ వెళ్తున్నాను. ఎక్స్-రే తీయడానికి చేతులు చాలు కదా. కట్టుతో ఉన్న నన్ను చూసి రోగులు సంతోషిస్తున్నారు, తోడు దొరికిందని.

అన్నయ్య అలక నాకు కొత్తా? చిన్నప్పుడు లెక్కల పరీక్ష అంటే చాలు, కడుపు పట్టుకుని మంచం కింద దూరేవాడు. పరీక్ష టైము దాటగానే నొప్పి పోయేది. అమ్మ కూడా నీలాగే, నటన అనేది.

కానీ పాపం, ఆ పని మానడం వాడికి చిన్న విషయం కాదు. బడి లేనప్పుడు నన్ను పనికి తీసుకెళ్ళేవాడు. నేల ఆరాక సుత్తి తిరగేసి, పిడితో ఒక్కో టైలూ తడుతూ చెవి వంచేవాడు. 'విను, ఇది నిండుగా పలికింది. ఇది విను, బోలు.' నాకు రెండూ ఒకేలా వినిపించేవి. వాడు మాత్రం బోలు పలికినదాన్ని ఎత్తి కింద చూపించేవాడు, నిజంగానే సిమెంటు పట్టని ఖాళీ ఉండేది. పైనుంచి తట్టి లోపలున్నది చెప్పడమేమిటని నోరు తెరుచుకుని చూసేదాన్ని. నేను ఎక్స్-రే పనిలో చేరింది ఆ ఆశ్చర్యంతోనేనేమో.

అడిగావు కాబట్టి చీవాట్లు విడిగా రాసి ఇందులోనే పెట్టాను. వదిన్ని ఏడిపించకు, చిన్నపిల్లాడిలా కడుపునొప్పి నాటకాలు మానెయ్, భోజనం చేశాక బుద్ధిగా కుర్చీలో కూర్చో, నేల మీద పాకకు అని. చాలా?

నీ పిచ్చుక


జూన్ 20

పిచ్చుకా,

కాలు జాగ్రత్త. కట్టు మీద నీళ్ళు పడనివ్వకు.

నీ చీవాట్లు బాగా పనిచేశాయి. అతిగా పనిచేశాయి. మీ అన్నయ్య ఇప్పుడు నొప్పి అన్న మాటే ఎత్తడం లేదు. తినడం సగానికి తగ్గించారు. తినగానే ఏదో పని ఉన్నట్టు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటారు. మొన్న పొద్దున తలుపు తోసి చూద్దును కదా, మోకాళ్ళూ మోచేతులూ నేలకి ఆనించి, నుదురు కింద పెట్టి, నడుం పైకెత్తి ఉన్నారు. పొట్ట కిందికి వేలాడుతోంది.

"ఏం పోయిందండీ? వెతికిపెట్టనా?" అన్నాను.

"సందులు చూస్తున్నాను" అన్నారు.

మన ఇంటి టైల్స్ సందులు ఎలా వేశారో ఇప్పటికీ అలాగే ఉన్నాయి, వాటిలో చూడ్డానికి ఏముంది? పని మీద బెంగ పెట్టుకున్నారని నాకు ఏడుపొచ్చింది. ఇంకోటి కూడా. స్నానం చేసి వచ్చి అద్దం ముందు నిలబడి వేళ్ళతో ఛాతీ తట్టుకుంటున్నారు. కుడివైపు తట్టి, ఎడమవైపు తట్టి, తల వంచి వింటున్నారు. పని దొరక్క సొంత ఒంటి మీదే మొదలుపెట్టారని నవ్వాను. ఆయన నవ్వలేదు.

మనిషి చిక్కిపోయారు. నిన్న మధ్యాహ్నం పడుకున్నప్పుడు ఎప్పటిలాగే ఛాతీ మీద తల పెట్టాను. ఎముకలు గుచ్చుకున్నాయి. లోపలి గుడగుడలు కూడా మామూలుకన్నా ఎక్కువగా ఉన్నాయి, నీళ్ళ బిందె ఎవరో కుదుపుతున్నట్టు. ఆకలేస్తోందా అంటే లేదన్నారు.

నువ్వు ఇంకో ఉత్తరం రాయి, ఈసారి కొంచెం మెత్తగా. మనిషి నవ్వితే చాలు నాకు.

మీ వదిన


జూన్ 24

వదినా,

ఇప్పుడే ఫోను చేశాను. అన్నయ్య ఎత్తి, 'నాకేం కాలేదు, నువ్వు నీ కాలు చూసుకో' అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే తీయలేదు. నేను తిట్టిన తిట్లకి నాకు తగిన శాస్తి. అందుకే ఈ ఉత్తరం మీ ఊరి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, రేపటికి నీ కొట్టులో ఉంటుంది.

నీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. 'ఎప్పటిలాగే' అన్నావు. గుడగుడలు అన్నావు. వదినా, ఛాతీ మీదేనా? పొట్ట మీద కాదు కదా? ఏ వైపు? ఎన్నాళ్ళుగా? నీ ఉత్తరం పక్కన పెట్టి మా ఆయన్ని పడుకోబెట్టి ఛాతీ మీద చెవి పెట్టాను. గుండె తప్ప ఏమీ లేదు. 'నాకేమైనా అయిందా?' అని ఆయన బెదిరిపోయారు.

నేను డాక్టర్ని కాను, కానీ ఇన్నేళ్ళుగా మనుషుల లోపలే చూస్తున్నాను. ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డంగా ఒక కండరపు పొర ఉంటుంది. తిన్నది దిగే గొట్టం దాంట్లో ఒక కంతలోంచి కిందికి వస్తుంది. కొందరికి ఆ కంత వెడల్పుగా ఉంటుంది. అప్పుడు జీర్ణాశయం దాంట్లోంచి పైకి పాకి ఛాతీలోకి చేరుతుంది. పట్టి ఉంచే బంధనాలు వదులైతే అక్కడే మెలి తిరుగుతుంది కూడా. దారి మూసుకుపోతే నొప్పి వస్తుంది, ఓకరించినా ఏమీ రాదు. మెలి వీడితే తగ్గిపోతుంది. నేల మీద మోకాళ్ళేసి పొట్ట వేలాడదీస్తే కొందరికి వీడుతుందట. వదినా, వాడు సందులు చూడడం లేదు. పొట్టని సరిచేసుకుంటున్నాడు. పనిలో ఉన్నన్నాళ్ళూ తెలియకుండా రోజంతా అదే చేశాడు! ఇది రాస్తుంటే నా చేతి మీద రోమాలు లేచాయి.

వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టినప్పటి నుంచే ఇదంతా ముదిరినట్టుంది.

రేపే ఎక్స్-రే తీయించు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళు. మెలి పూర్తిగా బిగుసుకుంటే నెత్తురు ఆడదు, గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఓకరింపులు మొదలై తగ్గకపోతే నా జవాబు కోసం చూడకు, అంబులెన్సు పిలువు.

పిచ్చుక


జూన్ 30

గౌరవనీయులైన ఆడపడుచుగారికి,

మీ ఉత్తరం అందింది. మీ అన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టింది నేనే కాబట్టి ఆయనకి రోగం తెచ్చిపెట్టింది నేనే అని మీరు కనిపెట్టినందుకు చాలా సంతోషం. మోకాళ్ళు వాచి మెట్లెక్కలేక మనిషి నా భుజం మీద వాలిపోయినప్పుడు మీరు ఇక్కడ లేరు. పోనీలెండి.

ఎక్స్-రే తీయించాను. మీరు చెప్పారని కాదు, నాకూ భర్త కావాలి కాబట్టి. నకలు ఇందులో పెట్టాను.

డాక్టరు పెద్దావిడ. ముందు పొట్ట నొక్కి చూసింది. తర్వాత ఛాతీ మీద ఎడమ అరచెయ్యి ఆనించి కుడిచేతి వేలితో తట్టింది. తట్టి, జరిపి, తట్టి, చెవి వంచింది. అమ్మో పిచ్చుకా, ఏం చెప్పను! అచ్చం మీ అన్నయ్య టైలు తట్టినట్టే! కుడివైపు టక్కుమంది. ఎడమవైపు కిందికి రాగానే ఖాళీ డబ్బాలా మోగింది. మీ అన్నయ్య బల్ల మీద పడుకునే, "బోలు" అన్నారు. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "మీకెలా తెలుసు?" అంది. "నెల్లాళ్ళుగా వింటున్నాను, చెబితే ఇంట్లో నవ్వుతారని చెప్పలేదు" అన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ తర్వాత తెల్లటి మందు తాగించి వరసగా బొమ్మలు తీశారు. ఆవిడ పక్కగదుల్లోంచి చిన్న డాక్టర్లని పిలిచింది. అందరూ గుండె వెనక వెలుగుతున్న ఆ తెల్లటి సంచీని చూస్తూ నిలబడ్డారు. కింద ఉండాల్సింది పైన, పైన ఉండాల్సింది కింద. "ఇలాగే ఎన్నేళ్ళుగా తిన్నారో, నవ్వారో, బరువులెత్తారో!" అందావిడ. నేను నమస్కారం పెట్టేశాను, ఎవరికో నాకే తెలియదు.

మీరు అడిగిన ప్రశ్నకి జవాబు. ఆ గుడగుడలు పెళ్ళైనప్పటి నుంచీ ఉన్నాయి. మగవాళ్ళ ఛాతీలో అలాగే వినిపిస్తుందనుకున్నాను. నేను ఇంకెవరి ఛాతీ మీద పడుకున్నాను గనక? మీ ఆయనకి రాదని మీరు రాస్తేనే తెలిసింది.

ఆపరేషను చేయాలన్నారు. మీ అన్నగారు చేయించుకోరట. మోకాళ్ళ మీద వాలితే తగ్గుతోందిగా, కొయ్యడం దేనికి అంటున్నారు. రేపటి నుంచి మళ్ళీ నేల పనికి పోతారట. మోకాళ్ళు పోతే పోనీ అంటున్నారు. మీ వైద్యం వల్ల ఆయనకి వాదన దొరికింది.

ఇట్లు,
మీ అన్నగారి భార్య


జూలై 5

మా వదినమ్మకి,

ముందు నన్ను తిట్టు. ఫోను చేసి తిట్టు, ఖర్చు నాదే. ఆ కుర్చీ వాక్యం రాసిన చెయ్యి విరగాల్సింది, పొరపాటున కాలు విరిగింది. నేను చెప్పాలనుకున్నది వేరు. నువ్వు కుర్చీలో కూర్చోబెట్టబట్టే ఇన్నేళ్ళూ దాక్కున్నది బయటపడింది. లేకపోతే ఏదో ఒక రోజు, ఎవరి ఇంట్లోనో, ఎందుకో తెలియకుండానే పోయేవాడు. నా అన్నయ్యకి ఏమైనా అయితే నువ్వెంత ఏడుస్తావో నాకు తెలియదా? నీ జడకుచ్చులు కట్టుకుని బడికెళ్ళినదాన్ని, నన్ను 'మీరు' అనకు.

బొమ్మ వెలుతురు పెట్టె మీద పెట్టాను. పని మానేసి దాని ముందే కూర్చున్నాను. నా చేతుల మీదుగా వేల ఛాతీలు వెళ్ళాయి వదినా. ఇలాంటిది ఒకే ఒక్కసారి చూశాను, అది కూడా ముక్కూ మొహం తెలియని మనిషిది. ఇది నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన ఛాతీ. నేను కాళ్ళతో తన్నుతూ కూర్చున్నప్పుడు, దాని లోపల ఇది తలకిందులుగా ఉందన్నమాట. అన్నీ తారుమారైనా, తిన్నది దారి వెతుక్కుని పోతూనే ఉంది. ఒళ్ళు ఎంత ఓర్చుకుంటుంది! నాకు చెయ్యెత్తి మొక్కాలనిపించింది, నీలాగే ఎవరికో తెలియలేదు.

మెలి ఎలా పడుతుందో నీకు బట్టతో చెబుతాను. తడి కర్టెనుని పిండేటప్పుడు రెండు కొసలూ పట్టుకుని మెలిపెడతావు చూడు, అది ఒక రకం. కొసలు ఉన్నచోటే ఉంటాయి, మధ్యలోది తిరిగి కింది అంచు పైకి వస్తుంది. ఎక్కువమంది పెద్దవాళ్ళలో ఇదే. అన్నయ్యదీ ఇదే అనుకుంటున్నాను. ఇంకో రకంలో పొడుగునా మెలి పడదు. అడ్డంగా మడత పడుతుంది, కింది కొస లేచి పై కొస దగ్గరికి వస్తుంది. బయటికి పోయే దారి లోపలికి వచ్చే దారి పక్కకి చేరుతుంది. ఇక ఈ రెండూ ఒకేసారి పడే రకం ఒకటుంది, చాలా అరుదు. సగం మెలితో మనిషి ఏళ్ళ తరబడి బతకొచ్చు. ఇంకాస్త తిరిగితే దారులు రెండూ మూతపడతాయి. ఆ ఇంకాస్త ఏ రోజు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇక్కడి నుంచి అన్నయ్యకి చదివి వినిపించు.

అన్నయ్యా, నీది నాటకమన్నాను, తప్పు నాదే. ఒక్కటడుగుతాను. బోలు పలికిన టైలుని నువ్వు ఏం చేసేవాడివి? ఇంటివాళ్ళు 'కాలు పెడితే ఆగుతోంది కదా మేస్త్రీ, వదిలెయ్' అంటే ఏమనేవాడివి? 'ఇవాళ ఆగింది, రేపు బరువు పడితే పగులుతుంది, ఎత్తి వేయాల్సిందే' అని, కూలి ఇవ్వకపోయినా ఎత్తి వేసేవాడివి. వాళ్ళు చేసేదీ అంతే. కిందికి దింపి, కంత మూసి, మళ్ళీ కదలకుండా పొట్ట ముందు గోడకి కుట్టేస్తారు. నీ చెవికి నువ్వే అబద్ధం చెప్పకు.

పిచ్చుక


జూలై 21

పిచ్చుకా,

నీతో ఫోనులో ఏడుపు తప్ప ఏమీ మాట్లాడలేకపోయాను. ఇప్పుడు మీ అన్నయ్య మంచం పక్కన కూర్చుని మొదటి నుంచీ రాస్తున్నాను. నువ్వు కుంటికాలితో బయలుదేరొద్దు.

నీ ఉత్తరం చదివి వినిపించాను. లేచి వెళ్ళి అద్దం ముందు నిలబడ్డారు. వేలితో తట్టడం వినిపించింది, కుడివైపు, ఎడమవైపు. చాలాసేపు తట్టారు. తిరిగొచ్చి "ఆవిడ ఎప్పుడు రమ్మంది?" అన్నారు. నేను పరుగెత్తుకెళ్ళి ఆపరేషనుకి రోజు ఖాయం చేసుకొచ్చాను. ఆ రోజు వచ్చేదాకా ఆగలేదు పాడు కడుపు.

కొత్త భవనంలో పెద్ద హాలు నేల వేయడం అయిపోయింది. చూడ్డానికి వెళ్ళారు. అందరితో కలిసి తిన్నారు. కాసేపటికి హాలు మధ్యలో మోకాళ్ళూ మోచేతులూ ఆనించి, నుదురు నేలకి పెట్టారు. పనివాళ్ళు చూశారు. చూసి ఏం చేశారో తెలుసా? చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డారు! పెద్దమేస్త్రీ సందులు చూస్తున్నారని, మన పనిలో ఏం తప్పు బయటపడుతుందోనని ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఒకడు మాట్లాడబోతే ఇంకొకడు నోరు మూయించాడట. అంతమంది మధ్యలో మనిషి ప్రాణం పోతుంటే, అందరూ మర్యాద చేస్తున్నారు.

ఇన్నేళ్ళూ ఆయనకి సిమెంటు కలిపినతను, గుర్తుందా, ఎప్పుడూ చెవిలో పెన్సిలు పెట్టుకునే ఆయన? అతనొచ్చి చూసి, "సుత్తి చప్పుడేదిరా?" అన్నాడట. "మేస్త్రీ వంగితే తట్టాలి కదా, తట్టడం లేదేం?" అని దగ్గరికి పరుగెత్తి వెల్లకిలా తిప్పితే, మొహం పాలిపోయి ఉంది. ఓకరిస్తున్నారు, ఏమీ రావడం లేదు. ఈసారి మోకాళ్ళ వైద్యం పనిచేయలేదు. తలుపు ఊడదీసి దానిమీద పడుకోబెట్టి మోసుకొచ్చారు. నేను ఆసుపత్రికి చేరేసరికి నా మెడలో కొలత టేపు వేలాడుతూనే ఉంది.

ముక్కులోంచి గొట్టం వేయబోయారు, దిగలేదు. ఆ డాక్టరమ్మ నా వైపు చూసి, "ఇక ఆగకూడదు" అంది. నేను కాగితం మీద సంతకం పెట్టాను. ఆ సంతకం నాది కాదంటే నువ్వు నమ్ముతావు, అలా వంకర్లు పోయింది.

బయట బల్ల మీద కూర్చున్నాను. కాళ్ళ కింద టైల్స్ చూస్తూ కూర్చున్నాను. బాగా వేయలేదు, సందులు ఎగుడుదిగుడు. ఆయన లేచి వచ్చి చూస్తే తిడతారు, లేచి వచ్చి తిట్టాలి, తిట్టేదాకా నేను ఇక్కడినుంచి కదలను అనుకున్నాను.

ఆవిడ బయటికొచ్చి నా పక్కనే కూలబడింది. టోపీ తీసింది. నువ్వు రాసిన అరుదైన రకమట పిచ్చుకా, పొడుగునా మెలి పడిందే మళ్ళీ అడ్డంగా మడత కూడా పడింది. "తెరిచి చూస్తే వంకాయ రంగులో ఉంది. చచ్చిపోయిందనుకున్నాను. మెలి విప్పి, కిందికి దింపి, వెచ్చటి గుడ్డ కప్పి ఆగాం. గదిలో ఎవరూ కదల్లేదు. గుడ్డ తీస్తే ఒక మూల నుంచి ఎరుపు రావడం మొదలైంది. అలా పాకుతూ, పాకుతూ మొత్తం వచ్చింది" అంది. ఇంత పెద్దావిడ, ఎన్ని వందల పొట్టలు తెరిచిందో, చెబుతూ చేతిలో టోపీని మడతపెడుతూ, విప్పుతూ కూర్చుంది. "ఎప్పుడు చూసినా నాకు మొదటిసారిలాగే ఉంటుందమ్మా" అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ చెయ్యే కదా అక్కడిదాకా వెళ్ళొచ్చింది.

కంత మూశారు. జీర్ణాశయాన్ని ముందు గోడకి కుట్టేశారు. ఏ కుట్టు వేశారని అడిగాను, వృత్తి పోదు కదా. ఆవిడ నవ్వి, విడివిడిగా ముడులు వేశామంది. మంచిదే, ఒకటి తెగినా రెండోది ఆగుతుంది.

నిన్న కళ్ళు తెరిచారు. మొదటి మాట ఏమిటో చెప్పనా? నేలకేసి చూసి, "ఎవడు వేశాడిది?" అన్నారు. నేను ఏడుస్తూ నవ్వాను, నర్సు భయపడింది.

మీ వదిన


జూలై 26

వదినా,

నీ ఉత్తరం మా గదిలో గట్టిగా చదివాను. నాతో పనిచేసేవాళ్ళు చేతిలో ఫిల్ములు అలాగే పట్టుకుని విన్నారు. వంకాయ రంగులోంచి ఎరుపు పాకింది అన్నచోట మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను.

మేము రోజూ చూసేవి నలుపూ తెలుపే వదినా. లోపలున్నదంతా నీడగానే చూస్తాం. ఆ రంగు తిరిగిరావడం నేనెప్పుడూ చూడలేదు, చూడబోను కూడా. నువ్వు రాస్తే చూసినట్టే అయింది. చిన్నప్పుడు వాడు నాచేత టైలు వినిపించినప్పుడు కలిగింది చూడు, అదే కలిగింది. పైనుంచి కనపడనిది ఎంత ఉంటుందో!

సుత్తి చప్పుడు లేదని గుర్తుపట్టిన ఆ చెవిలో పెన్సిలాయనకి నా నమస్కారాలు చెప్పు. కట్టు విప్పగానే వస్తాను. మా స్నానాలగది నేల సంగతి అన్నయ్య దగ్గర ఎత్తకు, మోకాళ్ళేసుకుని వచ్చేస్తాడు. కుర్చీలో కూర్చుని పనివాళ్ళకి చెబితే చాలు. ఇప్పుడు కుర్చీ వల్ల వాడికి ఏ భయమూ లేదు.

ఒక్క పని చేసిపెట్టు. కుట్లు ఆరాక, నొప్పి లేదన్నప్పుడు, మళ్ళీ తల పెట్టి విను. ఏం వినపడిందో రాయి. ఎక్స్-రే ఎవరైనా తీస్తారు, ఈ పరీక్ష నువ్వు తప్ప ఇంకెవరూ చేయలేరు.

నీ పిచ్చుక


ఆగస్టు 12

పిచ్చుకా,

ఇంటికొచ్చేశాం. కొంచెం కొంచెంగా తింటున్నారు. తిన్నది తిన్నచోటే ఉంటోంది.

నువ్వు చెప్పిన పని వెంటనే చేయలేదు. నాకు భయమేసింది. ఎందుకో చెబితే నవ్వుతావు. పెళ్ళైన కొత్తలో ఈ ఇంట్లో నాకు నిద్ర పట్టేది కాదు. ఆ గుడగుడలు వింటూ వింటూ అలవాటు పడ్డాను. తర్వాత అవి లేకపోతే నిద్ర రాదు. మీ అన్నయ్య పొరుగూరి పనికెళ్ళిన రోజుల్లో అటూ ఇటూ దొర్లేదాన్ని. నాకు అది ఆయన గొంతులాంటిదే. ఇప్పుడు అది లేకుండా పడుకోవాలంటే ఎవరి ఇంట్లోనో పడుకున్నట్టుంటుందేమో అనిపించింది.

నిన్న మధ్యాహ్నం కర్టెన్లన్నీ వేశాను. ఆయన వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తున్నారు. నేను కుట్లకి దూరంగా పక్కకి ఒరిగి తల పెట్టాను. ఎముకల మీద కొంచెం కండ పట్టింది.

ఏమీ లేదు. నీళ్ళు లేవు, బిందె లేదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టు నిశ్శబ్దం. లేచిపోదామనుకున్నాను. అప్పుడు వినిపించింది పిచ్చుకా. మెల్లగా, ఒక దాని వెనక ఒకటి, ఎంత దగ్గరగానో! ఇన్నేళ్ళూ ఆ గుడగుడల వెనక అది కొట్టుకుంటూనే ఉంది. మెలి తిరిగిన కడుపు పక్కన ఇరుకులో నిలబడి, ఒక్క దెబ్బ తప్పకుండా, నా చెవి కిందే. నేను ఒక్కసారైనా వినలేదు. ఇంతకాలం కాపురం చేసి కూడా నిన్నటిదాకా నేను మీ అన్నయ్య గుండె వినలేదంటే ఎవరైనా నమ్ముతారా? ఊపిరి తీసుకుంటే ఎక్కడ చెదిరిపోతుందోనని బిగబట్టుకుని విన్నాను. నా చెవి తడిసింది, ఆయన చొక్కా కూడా తడిసింది.

"ఏం చేస్తున్నావు?" అన్నారు.

"సందులు చూస్తున్నాను" అన్నాను.

నవ్వబోయి కుట్లు లాగడంతో ఆపుకున్నారు. నా తల మీద చెయ్యి వేసి, కాసేపు లేవనివ్వలేదు.

మీ వదిన